నాంత్ కోటలో ఒక రాత్రి: ఆన్ రాణి ఏకపాత్రను వేదిక ఎక్కించే పద్ధతి

కాలేజీ వార్షికోత్సవాల్లో ఏకపాత్రాభినయం అనగానే కర్నూలులోనైనా అనంతపురంలోనైనా ఇప్పటికీ మొదట గుర్తొచ్చేది దుర్యోధనుడే. ఆడపిల్లలు వేద్దామంటే రుద్రమదేవి, ఝాన్సీ లక్ష్మీబాయి, ద్రౌపది. చరిత్ర చదువుకునే అమ్మాయికి ఇంకో పాత్ర కావాలంటే ఫ్రాన్సు చరిత్రలో బ్రెతాన్య సీమకు చెందిన ఆన్ ఉంది. రాజ్యాల కోసం కుదిర్చిన పెళ్లిలో ఒక స్త్రీ ఏం పోగొట్టుకుంటుందో, ఏం నిలబెట్టుకోగలదో ఆమె జీవితంలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు. ఆమె ఇద్దరు రాజులను వరసగా పెళ్లాడింది, రెండుసార్లూ ఒప్పందం రాసుకుంది. ఆ రెండు ఒప్పందాల మధ్య తేడానే ఈ ఏకపాత్ర. దీన్ని కన్నీళ్ల కథగా చేస్తే అసలు విషయం పోతుంది.

ముందుగా జీవితం

పాత్ర వేసే అమ్మాయికి ఈ వరస నోటికి రావాలి. ఆన్ 1477 జనవరి 25న నాంత్‌లో పుట్టింది. తండ్రి రెండో ఫ్రాంస్వా, బ్రెతాన్య ప్రభువు. ఆ సీమ అప్పటికి ఫ్రాన్సు రాజు చేతి కింద పూర్తిగా లేదు. సొంత పన్నులు, సొంత సభ, సొంత నాణెం ఉండేవి. వారసత్వం దక్కే కొడుకులు లేరు, ఇద్దరూ కూతుళ్లే. 1488 జులై 28న సాంత్-ఓబాన్-దు-కోర్మియే దగ్గర ఫ్రాన్సు సేన చేతిలో తండ్రి ఓడిపోయాడు. ఆ తర్వాతి ఒప్పందంలో, రాజు సమ్మతి లేకుండా కూతుళ్లకు పెళ్లి చేయకూడదన్న షరతు పడింది. సెప్టెంబరు 9న తండ్రి చనిపోయాడు. పదకొండేళ్ల పిల్ల పాలకురాలైంది.

చుట్టూ ఉన్న పెద్దలు ఆమెను అలాన్ దాల్బ్రే అనే ప్రభువుకు కట్టబెట్టాలని చూశారు. అతను ఆమెకంటే చాలా పెద్దవాడు, అప్పటికే పిల్లలున్నవాడు. ఆమె ఒప్పుకోలేదు. 1490 డిసెంబరు 19న రెన్ పట్టణంలో ఆస్ట్రియా మాక్సిమిలియన్‌తో పెళ్లి జరిగింది. వరుడు రాలేదు, అతని తరఫున ప్రతినిధి వచ్చాడు. ఫ్రాన్సు రాజు ఎనిమిదో షార్ల్ దీన్ని ఒప్పుకోలేదు. 1491లో రెన్‌ను ముట్టడించాడు. మాక్సిమిలియన్ నుంచి సాయం అందలేదు. ఆ ఏడు డిసెంబరు 6న లాంజే కోటలో షార్ల్‌తోనే ఆమెకు పెళ్లయింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ల పది నెలలు, అతనికి ఇరవై ఒకటి. ఇంకో సంగతి: మాక్సిమిలియన్ కూతురు మార్గరెట్‌ను షార్ల్‌కు చేసుకోవాలని మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడే ఫ్రాన్సుకు తెచ్చి అక్కడే పెంచారు. ఈ పెళ్లితో ఆ పిల్లకు అక్కడ స్థానం పోయింది. 1493లో పుట్టింటికి పంపేశారు.

షార్ల్‌తో ఆరున్నరేళ్ల కాపురం. నలుగురు పిల్లలు పుట్టారు, నలుగురూ పోయారు. 1498 ఏప్రిల్ 7న ఆంబ్వాజ్ కోటలో తక్కువ ఎత్తు ద్వారబంధానికి తల కొట్టుకుని రాజు అదే రోజు చనిపోయాడు. తర్వాత రాజైన పన్నెండో లూయీని ఆమె 1499 జనవరి 8న నాంత్ కోటలో పెళ్లాడింది. ఇద్దరు కూతుళ్లు బతికారు: 1499లో క్లోద్, 1510లో రెనే. ఆన్ 1514 జనవరి 9న బ్ల్వాలో చనిపోయింది. ఆమె కోరిన ప్రకారం గుండెను బంగారు భరిణెలో పెట్టి నాంత్‌కు పంపారు. ఆ భరిణె ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది.

తేదీల దగ్గర ఒక చిక్కు వస్తుంది. ఆ కాలపు ఫ్రాన్సులో కొత్త సంవత్సరం ఈస్టరు పండుగతో మొదలయ్యేది. కాబట్టి పాత కాగితాల్లో రెండో పెళ్లి 1498 జనవరి అని, మరణం 1513 జనవరి అని కనిపిస్తుంది. న్యాయనిర్ణేతల్లో చరిత్ర మేష్టరు ఉంటే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. జనవరి నుంచి ఈస్టరు లోపు పడే తేదీలకు ఒక ఏడాది కలపాలి.

ఏ రాత్రిని ఎంచుకోవాలి

పుట్టుక నుంచి చావు దాకా చెప్పాలనుకోవడం మొదటి పొరపాటు. పదహారు నిమిషాల్లో ముప్పై ఏడేళ్లు చెబితే అది ఉపన్యాసం అవుతుంది. ఒకే గది, ఒకే రాత్రి తీసుకోండి: 1499 జనవరి 7, నాంత్ కోట. మరునాడు పెళ్లి. బల్ల మీద రెండు పత్రాలు. ఒకటి ఏడేళ్ల కిందట లాంజేలో రాసింది, మడతలు పడి ఉంది. రెండోది ఇవాళ రాసింది, తడి ఆరుతోంది. ఆమె ఒకదాన్ని చదువుతూ ఇంకోదాన్ని సరిచూస్తుంది. చివరికి సంతకం చేస్తుంది. జరిగే పని అంతే. మన ప్రేక్షకులకు ఇది కొత్త కాదు. పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలం ఎవరి పేర రాశారు, బిడ్డలు లేకుంటే ఎవరికి పోతుంది అని పత్రంలోని ప్రతి అక్షరాన్నీ చూసే సీమ ఇది. ఆన్ చూస్తున్నదీ అదే, నేల మాత్రం ఒక దేశమంత.

అయితే ఒక్క తేడా నటి మనసులో ఉండాలి. బ్రెతాన్య ఆమెకు ఎవరో పెళ్లికి ఇచ్చిన సొమ్ము కాదు. దాన్ని ఏలేది ఆమే. మాట్లాడేటప్పుడు "నాన్న ఇచ్చింది" అనకూడదు, "నాది" అనాలి.

పదహారు నిమిషాలను ఇలా పంచండి. ప్రవేశం, పత్రాలు విప్పడం రెండు నిమిషాలు. రెన్ ముట్టడి, మొదటి పత్రం నాలుగు. పిల్లలు, రాజు మరణం మూడు. లూయీ మొదటి భార్య ఝాన్ రాణి సంగతి మూడు. కొత్త పత్రంలోని షరతులు, సంతకం నాలుగు. పోటీలో పన్నెండు నిమిషాలే ఇస్తే తగ్గించాల్సింది ముట్టడిని. ఝాన్ రాణిని తీసేయకండి, ఆమె లేకపోతే ఆన్ కేవలం బాధితురాలిగా మిగిలిపోతుంది.

పత్రాల్లో ఏముంది

ఏకపాత్రకు వెన్నెముక ఇక్కడుంది, కనుక రాసేవాళ్లు దీన్ని సరిగ్గా పట్టుకోవాలి.

1491 పత్రంలో ఇద్దరూ బ్రెతాన్య మీద తమ హక్కులను ఒకరికొకరు రాసుకున్నారు. బిడ్డలు లేకుండా ఆమె ముందు పోతే ఆమె హక్కులు రాజుకు. రాజు మగబిడ్డ లేకుండా ముందు పోతే సీమ ఆమెకు తిరిగి వస్తుంది గానీ, ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే తర్వాతి రాజునే, లేదా సింహాసనానికి తర్వాతి వారసుణ్నే చేసుకోవాలి. అంటే సీమ ఫ్రాన్సు చేతి నుంచి జారకుండా ఆమె రెండో పెళ్లిని కూడా మొదటి పెళ్లినాడే కట్టేశారు. పైగా కాపురం సాగినన్నాళ్లూ బ్రెతాన్య ప్రభ్వి అన్న బిరుదు వాడుకోనివ్వలేదు. పాలన షార్ల్ మనుషుల చేతిలో ఉండేది.

షార్ల్ పోయాక ఆమె చేసిన పనులు చూడండి. బ్రెతాన్య పాలనను తన చేతిలోకి తీసుకుంది, సొంత కార్యాలయాన్ని మళ్లీ నిలబెట్టింది. తన బొమ్మతో, 1498 అంకె వేసిన బంగారు నాణెం కొట్టించింది. ఆగస్టు 19న ఎతాంప్‌లో లూయీతో మాట కుదిరింది: అతని మొదటి పెళ్లి ఏడాదిలోపు రద్దయితే చేసుకుంటుంది.

1499 పత్రం వేరే రకం. బ్రెతాన్య ఫ్రాన్సు సింహాసనానికి వారసుడైన పెద్ద కొడుక్కి కాకుండా రెండో బిడ్డకు పోతుంది, మగబిడ్డ లేకపోతే ఆడబిడ్డకు. సంతానమే లేకుండా ఆమె పోతే లూయీ బతికున్నంతవరకే అనుభవిస్తాడు, ఆ తర్వాత సీమ ఆమె తరఫు వారసులకు వెళ్తుంది. అక్కడి ఆచారాలు, ఉద్యోగాలు, పన్నుల పద్ధతి ఉన్నవి ఉన్నట్టే సాగుతాయి. పద్నాలుగేళ్లప్పుడు అడగలేనివన్నీ ఇరవై ఒకటో ఏట అడిగి రాయించుకుంది.

మాటలు రాసేటప్పుడు షరతును షరతుగానే చెప్పించాలి. మచ్చుకి ఇలా:

"మగబిడ్డ లేకుండా రాజు పోతే, తర్వాతి రాజునే నేను చేసుకోవాలట. మనిషి పేరు రాయలేదు ఇందులో. కుర్చీ పేరు రాశారు. ఇంకా ముఖం లేని మొగుడికి నన్ను ఆ రోజే ఇచ్చేశారు. వేలు పెట్టి చూపించి, ఇక్కడ సంతకం చెయ్యమన్నారు. బయట సైన్యం, లోపల జీతాలు అందని సిపాయిలు. చేశాను."

ఈ తీరులో చిన్న వాక్యాలు రావాలి. గ్రాంథికం పెడితే పత్రం అర్థం కాదు, సమాసాల కింద షరతు మునిగిపోతుంది. అట్లా, ఎట్లా, ఇంక అనే మాటలు అమ్మాయి నోట సహజంగా వస్తే రానివ్వండి. అచ్చ రాయలసీమ యాసను మాత్రం బలవంతంగా పెట్టకండి. ఆన్ కోటలో, పండితుల చేతిలో పెరిగిన మనిషి.

తర్వాత జరిగింది ఆ రాత్రి ఆమెకు తెలియదు కాబట్టి పాత్ర నోట భవిష్యత్తు పలికించొద్దు. అది వ్యాఖ్యాత పని, అదీ తెర లేచే ముందే. మూడు వాక్యాలు చాలు: ఈ షరతులు నిలవలేదు, ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా పెద్ద కూతురు క్లోద్‌ను ఫ్రాన్సు సింహాసన వారసుడు ఫ్రాంస్వాకు నిశ్చయించి, ఆమె పోయిన నాలుగు నెలలకు 1514 మే 18న పెళ్లి చేశారు, 1532లో బ్రెతాన్య ఫ్రాన్సులో కలిసిపోయింది. ఇది ముందే విన్న ప్రేక్షకులు ఆమె ఒక్కో షరతునూ వేలితో తడుముతూ చదువుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తారు. చివర్లో చెబితే అదొక సమాచారం, అంతే.

వరసల దగ్గర జాగ్రత్త

రాసేవాళ్లు ఎక్కువగా పడే గుంత ఇదే. లూయీ అప్పటికే పెళ్లయినవాడు. అతని భార్య ఝాన్ రాణి షార్ల్‌కు సొంత అక్క. అంటే ఆన్‌కు ఆడబిడ్డ. తెలుగులో రాస్తూ "వదినా" అని పిలిపించారనుకోండి, ఆడబిడ్డ మొగుడు మన లెక్కలో అన్న వరస అవుతాడు. వచ్చే నిమిషంలో ఆన్ అన్నను పెళ్లాడుతున్నట్టు సభలో గుసగుస మొదలవుతుంది, మిగతా నాటకం ఎవరూ వినరు. అందుకని వరస పిలుపులు పూర్తిగా మానేయండి. ఝాన్ రాణి, లూయీ ప్రభువు అని పేర్లతోనే నడపండి. బంధుత్వాన్ని ఒక్కసారే, వివరంగా చెప్పించండి: "నా భర్త తోబుట్టువు. ఇరవై రెండేళ్లు లూయీ ప్రభువు భార్య."

ఇంకోవైపు నుంచి కూడా చిక్కుంది. మేనమామను, మేనత్త కొడుకును చేసుకోవడం మామూలైన చోట, దూరపు చుట్టరికానికి కూడా పోపు అనుమతి ఎందుకు కావాలో ప్రేక్షకులకు తట్టదు. 1215 నుంచి క్రైస్తవ చర్చి ధర్మం ప్రకారం నాలుగో తరం దాకా రక్తసంబంధం ఉంటే పెళ్లి చెల్లదు. పోపు మినహాయింపు ఇస్తేనే చెల్లుతుంది. యూరప్ రాజకుటుంబాలన్నీ ఒకదానికొకటి చుట్టాలే కాబట్టి ప్రతి పెద్ద పెళ్లికీ ఈ అనుమతి అవసరమయ్యేది, పెళ్లిని చెడగొట్టడానికీ ఇదే సాకు దొరికేది. షార్ల్‌తో పెళ్లికి అనుమతి 1492 ఫిబ్రవరిలో, పెళ్లయిన రెండు నెలలకు వచ్చింది. ఇదంతా నాటకంలో అక్కర్లేదు. ఒక్క వాక్యం పెట్టండి.

ఝాన్ రాణిది విడాకులు కావు. ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లలేదని 1498 డిసెంబరు 17న తీర్పు ఇచ్చారు. అంటే నాటకం జరిగే రాత్రికి మూడు వారాల ముందు. చుట్టరికం, లూయీని చిన్నతనంలో బలవంతపెట్టి చేశారన్నది, కాపురం జరగలేదన్నది అతని వాదన. ఆమె విచారణలో గట్టిగా ఎదురు నిలిచింది, ఓడిపోయింది. తర్వాత బూర్జ్ పట్టణంలో సన్యాసినుల సంఘం స్థాపించింది. 1950లో ఆమెను పునీతగా ప్రకటించారు. ఆన్ ఈ రాత్రి ఆమెను తలుచుకోవాలి. తాను గెలుచుకుంటున్న పత్రం ఇంకో ఆడదాని పత్రాన్ని చింపితే వచ్చిందని ఆమెకు తెలుసు. ఈ మూడు నిమిషాల్లో నటి క్షమాపణ చెప్పకూడదు, సమర్థించుకోకూడదు. జరిగింది జరిగినట్టు చెప్పి ఒక్క క్షణం ఆగాలి. ఏకపాత్రలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇది. సాధన సమయంలో సగం దీనికే ఇవ్వండి.

పత్రం తయారీ

కాగితం వాడొద్దు. కాలర్ మైకు దగ్గర కాగితం విప్పితే ఆ పటపట మాటలను మింగేస్తుంది. పైగా రాజ పత్రాలు తోలు మీద రాసేవారు, తోలు అంత చప్పుడు చేయదు. మల్లు గుడ్డ ఒకటిన్నర మీటరు తీసుకుని, 70 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పుతో రెండు ముక్కలు కత్తిరించండి. అర లీటరు నీళ్లలో మూడు చెంచాల టీ పొడి మరిగించి, వడకట్టి, అందులో చిక్కటి అన్నం గంజి అర లీటరు కలపండి. గుడ్డను పది నిమిషాలు నానబెట్టి, పిండకుండా తీసి, ప్లాస్టిక్ షీటు మీద పరిచి నీడలో ఆరనివ్వండి. ఎండలో వేస్తే అంచులు ముడుచుకుంటాయి, రంగు మచ్చలుగా దిగుతుంది. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. ఒకే పూత చాలకపోతే రెండోసారి గంజి పెట్టండి. మూడోసారి పెడితే మడిచిన చోట పగులుతుంది.

పాత పత్రం కోసం ఒక ముక్కను ఎనిమిది మడతలు పెట్టి రాత్రంతా పుస్తకాల కింద ఉంచండి. కొత్తదాన్ని చుట్టగా చుట్టండి. రెండూ దూరం నుంచే తేడాగా కనిపించాలి. ముద్రకు అసలు లక్క వాడితే బరువుకు గుడ్డ వాలుతుంది, కింద పడితే పగులుతుంది. కాగితపు గుజ్జుతో ఎనిమిది సెంటీమీటర్ల బిళ్ల చేసి, ఎరుపు వేసి, పురి పెట్టిన దారంతో వేలాడదీయండి. పత్రం మీద నటికి కావాల్సిన ముఖ్య పదాలను తెలుగులో పెద్దగా రాసుకోవచ్చు. కానీ వాక్యాలన్నీ రాయొద్దు. రాసి ఉంటే కళ్లు అక్కడే ఉండిపోతాయి.

ఈకల కలం బాతు ఈకతో చేసింది కావాలి. తెలుపు దొరక్కపోతే బూడిద రంగైనా పర్లేదు. నెమలి ఈక మాత్రం వద్దు. సిరాబుడ్డిలో సిరా పోయకండి, నల్ల గుడ్డ ముక్క కుక్కండి.

దుస్తులు

ఆన్ ఆ రాత్రికి తొమ్మిది నెలల విధవ. ఫ్రాన్సు రాణులు భర్త పోతే తెల్లబట్ట కట్టడం ఆనవాయితీ. ఆమె నలుపు కట్టింది. విధవకు తెలుపు అన్న సంగతి మన ప్రేక్షకులకు చెప్పకుండానే తెలుసు కాబట్టి ఒకే ఒక మాట బలంగా పనిచేస్తుంది: "రాణులు తెల్లది కడతారన్నారు. నేను నల్లది తెమ్మన్నాను."

టైలరుకు "ఫ్రెంచి గౌను" అని చెబితే నడుము బిగించి, కింద తీగల చుట్టు పెట్టి, వెనక జిప్పుతో పెళ్లి గౌను కుట్టిస్తాడు. తీగల చుట్టు గౌను ఫ్రాన్సులో కనిపించింది ఆన్ పోయిన తర్వాతే. మెడ చుట్టూ మడతల పట్టీ, పొడి చల్లిన విగ్గు ఇంకా తర్వాతి కాలాలవి. ఆమెది చతురస్రపు మెడ, ఒంటికి అమరిన పైభాగం, నడుము నుంచి వాటంగా విచ్చుకునే పావడా, మోచేతి కింద వెడల్పై వెనక్కి మడిచిన చేతులు. బొమ్మ గీసి చేతికివ్వండి.

ఐదడుగుల మూడంగుళాల అమ్మాయికి 44 అంగుళాల పన్నా నల్ల నూలు గుడ్డ ఏడు మీటర్లు పడుతుంది. పావడాకు 1.1 మీటర్ల నాలుగు పలకలు, పైభాగానికి ఒకటి, చేతులకు ఒకటిన్నర, మిగిలింది పట్టీలకు. మొత్తం వెల్వెట్‌తో కుట్టిస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ, ఫిబ్రవరి దాటాక కర్నూలులో షామియానా కింద, లైట్ల ముందు, అమ్మాయి ఎనిమిదో నిమిషానికే చెమటతో తడిసిపోతుంది. వెల్వెట్‌ను మెడ పట్టీకి, చేతుల మడతకు మాత్రమే పెట్టండి, అర మీటరు చాలు. మెరిసే పాలిస్టరు సాటిన్ వద్దు, లైటు పడితే నలుపు బూడిద రంగులోకి తిరుగుతుంది. అంచు నేలకు రెండు సెంటీమీటర్ల పైన ఆగాలి. చెక్క వేదిక సందుల్లో, మైకు వైర్లలో చిక్కుకునేది అక్కడే.

తలకు ముందు తెల్ల మల్లు టోపీ, దాని మీద భుజాల దాకా దిగే నల్ల ముసుగు. ముసుగు ముందు అంచులో చెవి నుంచి చెవికి 45 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు బక్రం అనే గట్టి గుడ్డ పెట్టి కుట్టాలి, లేకపోతే ముఖం మీద వాలిపోతుంది. మైకు ముసుగు లోపల పెడితే రాపిడి చప్పుడు వస్తుంది. మెడ పట్టీ అంచుకు, మధ్యకు తగిలించండి. నడుముకు ముడులు వేసిన తెల్ల నూలు తాడు మూడు మీటర్లు. ముడుల తాడు ఆమె గుర్తు, ఆమె కట్టించిన చోట్లా రాయించిన గ్రంథాల్లోనూ అది కనిపిస్తుంది.

ముఖానికి తెల్లపొడి రాయొద్దు. అమ్మాయి రంగు అమ్మాయిదే. బొట్టు, గాజులు తీసేయాలి. గాజుల చప్పుడు మైకులో గట్టిగా వినిపిస్తుంది. పెళ్లయిన విద్యార్థిని మెట్టెలు తీయనంటే తీయమనొద్దు, గౌను కింద కనపడవు.

ఆన్‌కు ఒక కాలు పొట్టి, ఎత్తు మడమతో సరిచేసుకునేది. నటి కుంటుతూ నటిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒక చెప్పులో ఒక సెంటీమీటరు బెండు అట్ట పెట్టండి, నడక దానంతటదే మారుతుంది. అంతకంటే ఎత్తు పెడితే తుంటి నొప్పి వస్తుంది. మొదటి వారం రోజుకు పది నిమిషాలకు మించి ఆ చెప్పులతో నడిపించొద్దు.

వేదిక, లైట్లు

కాలేజీ వేదికల వెనక తెర దాదాపు ఎప్పుడూ నలుపో ముదురు నీలమో ఉంటుంది. నల్ల గౌను అందులో కలిసిపోయి ముఖం, చేతులు మాత్రమే గాలిలో తేలినట్టు కనిపిస్తాయి. కోరా గుడ్డను రెండున్నర మీటర్ల ఎత్తు, నాలుగు మీటర్ల వెడల్పుతో వెనక కట్టండి. నాంత్ కోట లోపలి రాజగృహం లేత రంగు సున్నపురాతి కట్టడం కాబట్టి ఇది చరిత్రకూ సరిపోతుంది. దాని మధ్యలో ఒక మీటరు వెడల్పు తెల్లగుడ్డ వేలాడదీసి, 15 సెంటీమీటర్ల దూరంలో వరస తప్పించి ఎర్మిన్ అనే చిన్న జంతువు నల్ల తోక గుర్తులు వేస్తే బ్రెతాన్య చిహ్నం అవుతుంది. ఒక్కో గుర్తు ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఫ్లెక్సీ షాపుకు ఫ్రాన్సు అని చెబితే మూడు రంగుల జెండా, ఈఫిల్ టవరు వేసిస్తారు. జెండా ఆన్ పోయాక దాదాపు మూడు వందల ఏళ్లకు వచ్చింది, టవరు 1889లో.

వ్యాఖ్యాతకు ఇంకో మాట చెప్పి ఉంచండి. "బ్రిటనీ" అని పలికితే సగం మందికి బ్రిటన్ అనిపించి ఇంగ్లీషు రాణి అనుకుంటారు. బ్రెతాన్య అనే పలకాలి. కర్నూలు సభ అయితే 1751లో బుస్సీ సేన ఈ ఊరి కోటను పట్టుకున్న సంగతితో మొదలుపెట్టొచ్చు. ఫ్రెంచివాళ్లు అనగానే ఊరికి ఉన్న జ్ఞాపకం అదే. ఆన్ కథ దానికి రెండున్నర శతాబ్దాల ముందుదని కలిపి చెప్పాలి.

ఒక చెక్క బల్ల, ఒక ముక్కాలి పీట, అంతే. ప్లాస్టిక్ కుర్చీకి గుడ్డ కప్పినా కాళ్లు బయటపడతాయి. ఎదురుగా ఒకే పెద్ద లైటు పెడితే ముఖం చదునుగా కనిపిస్తుంది. రెండు లైట్లను చెరో పక్క 45 డిగ్రీల్లో పెట్టి, ఒకదాన్ని కొంచెం దగ్గరగా జరపండి. షామియానా కింద నిజమైన కొవ్వొత్తి వద్దు, బ్యాటరీది పెట్టండి.

నటన

ఈ పాత్ర అమ్మాయే వేయాలి. ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలని పోరాడిన బళ్లారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో. ఆ మాట నిలబెట్టడం ఈ ప్రాంతానికి తగిన పని.

పిల్లల సంగతి వచ్చినప్పుడు ఎవరికైనా గొంతు పూడుకుపోతుంది. అక్కడే ఆపుకోవాలి. రాసిన మాటలు ఇలా ఉంటే నటికి సాయంగా ఉంటుంది:

"ఓర్లాన్ మూడేళ్లు దాటాడు. తట్టు సోకింది. చిన్న షార్ల్ ఇరవై నాలుగు రోజులు. ఫ్రాంస్వా కొన్ని గంటలు. నా పేరే పెట్టిన పాప, పుట్టిన రోజే. మగబిడ్డ ఉంటే అని రాశారు ఇక్కడ. ఉన్నారు. ముగ్గురు ఉన్నారు."

లెక్క చదివినట్టు, పత్రం మీద నుంచి కన్ను తీయకుండా చెప్పాలి. చివరి రెండు మాటల దగ్గర మాత్రమే తల ఎత్తాలి. ఇక్కడ వయొలిన్ పెడదామని ఎవరైనా అంటారు, పెట్టనివ్వకండి. మొత్తం ఏకపాత్రలో ఒకే శబ్దం ఉండాలి: సంతకానికి ముందు ఒక్కసారి గంట. దాన్ని ఫోన్ నుంచి వినిపిస్తుంటే ఆ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

దుర్యోధనుడు వేసి వచ్చిన పిల్లలకు చేతులు పైకి లేపే అలవాటు ఉంటుంది. సాధనలో మొదటి మూడు రోజులు రెండు చేతులూ బల్ల మీదే ఉంచి మొత్తం చెప్పించండి. ఆ తర్వాత వదిలిపెట్టినా అవసరమైన చోటే కదులుతాయి.

మూడు వారాలు చాలు. మొదటి వారం మాటలు, కూర్చునే. రెండో వారం పత్రాలు, చెప్పులు, నడక. మూడో వారం పూర్తి దుస్తులతో, మైకుతో. ముసుగు పెట్టుకుంటే సొంత గొంతు వేరుగా వినిపిస్తుంది, అలవాటు లేకపోతే అరుస్తారు. కనీసం నాలుగుసార్లు ముసుగుతో పూర్తిగా చెప్పించాలి. ప్రతిసారీ గడియారం చూడండి. ప్రేక్షకుల ముందు ఇదే పాఠం ఒకటి నుంచి రెండు నిమిషాలు పెరుగుతుంది, కాబట్టి సాధనలో పదిహేను దాటకూడదు.

ఆ రోజు వేదిక వెనక ఒక సంచిలో ఇవి ఉండాలి: రెండో జత పత్రాలు, సూదీ నల్లదారం, పిన్నీసులు, మైకుకు కొత్త సెల్లు, అదనపు బ్యాటరీ కొవ్వొత్తి, చెమట తుడుచుకునే గుడ్డ. మైకు ఆగిపోతే నటి ఆగకూడదు. బల్ల దాటి రెండడుగులు ముందుకు వచ్చి, వేగం సగానికి తగ్గించి, చివరి వరసకు వినపడేలా షరతులు చదవాలి. మైకు మళ్లీ వచ్చినా తిరిగి బల్ల దగ్గరికి వెళ్లేది సంతకం చేసేటప్పుడే.